కుళ్లాయప్ప ఉంటేనే పనిచేసే ప్రింటరు

మా జిరాక్స్ షాపు వరండాలో బల్ల వేసుకుని ప్రింటర్లు బాగుచేసే కుళ్లాయప్పను చూసి కొత్తవాళ్ళు నన్ను అడుగుతుంటారు, "ఆయనకు మీమీద ఏమైనా కోపమా ఆదిలక్ష్మి గారూ?" అని. నామీద ఒక్కదానిమీదే కాదు. లేజర్ ప్రింటర్ల మీద, వాటిని వాడేవాళ్ళ మీద, కరెంటు మీద, అనంతపురం దుమ్ము మీద, బస్సుల మీద, రాని వాన మీద, అన్నిటి మీదా అతనికి కోపమే. మూత తీసిన ప్రింటరులోకి తల దూర్చి తిట్టుకుంటూనే పని చేస్తాడు. తిట్లు ఆగాయంటే రోగం దొరికిందని అర్థం. నేను లోపల జిరాక్సులు తీస్తూ ఒక చెవి ఆ తిట్ల మీద వేసి ఉంచుతాను.

అతని కోపంలో న్యాయం లేకపోలేదు. ఆఫీసులవాళ్ళు ఒకవైపు వాడేసిన కాగితాలను పొదుపని మళ్ళీ ట్రేలో పెడతారు. మూలన గుండుసూది ఉందో లేదో చూడరు. ఆ సూది లోపలికి పోయి డ్రమ్మును గీరుతుంది, అప్పటినుంచి ప్రతి కాగితం మీదా నిలువునా ఒక నల్లగీత. ఆ గీతను తెచ్చి చూపించి "మీరు పోసిన టోనరు పొడి మంచిది కాదు" అని మనల్నే అంటారు. దసరాకు ఆయుధపూజ అని ప్రింటరుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, గాలి ఆడే కన్నాల మీద విభూతి కూడా చల్లుతారు. పండుగ మర్నాడు ఫోను. "బొట్టు పెట్టినారు సరే, దానికి తినిపించేది ఏంటికి?" అని కుళ్లాయప్ప అరుస్తాడు. దేవుణ్ణి తిట్టాడని వాళ్ళు నొచ్చుకుంటారు. ఇద్దరికీ సర్దిచెప్పే పని నాది.

అతను మా వరండాకు ఎలా వచ్చి పడ్డాడో చెప్పాలి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అందుకే చెప్పాలి.

రెండువేలో, రెండువేల ఒకటో. మండలాఫీసులకు కంప్యూటర్లు కొత్త. కుళ్లాయప్ప అప్పుడు బదరీనారాయణ షాపులో మెకానిక్కు. బదరీనారాయణ మాకు దూరపు చుట్టం, నాకు అన్న వరస. కంప్యూటర్లు, ప్రింటర్లు అమ్మేవాడు, ఆఫీసు ప్రింటర్ల మరమ్మతు కాంట్రాక్టు కూడా ఆయనకే ఉండేది. కుళ్లాయప్పది నార్పల పక్క పల్లె. ఒక ఎండాకాలం కరెంటోళ్ళు వచ్చి వాళ్ళ నాయన బోరు మోటరుకున్న స్టార్టరు పీక్కుపోయారు. కాళ్ళావేళ్ళా పడి దాన్ని వెనక్కి తెచ్చుకునేలోపు చీనీ చెట్లన్నీ, బత్తాయిని మా పక్క చీనీ అంటాం, మోడులయ్యాయి. తోట నరికి కట్టెలమ్ముకున్న ఏడాదే అతను టౌనుకు వచ్చాడు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మెషిన్లు తుడుచుకుంటుంటే బదరన్న తీసుకొచ్చి పని నేర్పించాడు. ఆ షాపు తప్ప అతనికి వెనక్కి తిరిగి పోవడానికి వేరే చోటు లేదు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే కుళ్లాయప్ప మాత్రం దాన్ని గుర్తుంచుకోలేదు.

బెళుగుప్ప దాటి పోతే ఒక మండలం వస్తుంది. పేరు రాయను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నా షాపుకు వస్తుంటారు. ఆ సంవత్సరం జూన్‌లోనే అక్కడ మంచి వాన పడింది. మా పక్క ఒక వాన పడితే చాలు, నేలలో పదును ఆరేలోపు వేరుశనగ విత్తెయ్యాలి, లేకపోతే ఆ సంవత్సరం అయిపోయినట్టే. విత్తనం రాయితీ మీద గోడౌనులో ఇస్తారు. దానికి మండలాఫీసు నుంచి చీటీ కావాలి. అంతకు ముందు సంవత్సరం చేతిరాత చీటీలకు దొంగచీటీలు పుట్టాయని, ఈసారి కంప్యూటరు చీటీలే చెల్లుతాయని మండలాఫీసరు జయరాం గట్టిగా చెప్పాడు. కంప్యూటరు ముందర కూర్చునే అమ్మాయి ఉమాదేవి. చీటీలు కొట్టడం మొదలుపెట్టిన రోజే ఫోను చేసింది.

"అన్నా, అక్షరాలు రాలుతాండాయి."

లేజర్ ప్రింటరు ముందు నల్లపొడితో కాగితం మీద అక్షరాలు పేరుస్తుంది. తరవాత లోపలున్న వేడి రోలరు ఆ పొడిని కరిగించి కాగితానికి అంటిస్తుంది. ఆ వేడి చాలకపోతే కాగితం చూపుకు బాగానే ఉంటుంది. వేలు పెట్టి రుద్దితే రైతు పేరు పోతుంది, ఊరు పోతుంది, సర్వే నంబరు పోతుంది. ఆఫీసు రబ్బరు స్టాంపు ఒక్కటే మిగులుతుంది. చెమట చేతుల్లో చీటీ పట్టుకుని గోడౌనుకు పోయిన రైతులకు అక్కడ "ఇది ఎవరి చీటీ?" అన్న ప్రశ్న. తిరిగి ఆఫీసుకు రావాలి. మళ్ళీ వరస. ఆలోపు ఎండ ఊరుకుంటుందా?

కుళ్లాయప్ప పొద్దున బస్సెక్కి పోయాడు. ఊరి క్రాసులో దిగి, భుజాన ఖాకీ బ్యాగు, మెడలో ఎర్రవైరు నల్లవైరు వేలాడే ముల్లు మీటరుతో రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఆఫీసు చేరాడు. ముందు ప్లగ్గులో మీటరు పెట్టి చూశాడు. కరెంటు నిక్షేపంలా ఉంది. చీటీ కొట్టించాడు. నిగనిగలాడుతూ వచ్చింది. వేలితో రుద్దాడు, గోటితో గీకాడు, ఉమ్మి తడిచేసి కూడా రుద్దాడు. అక్షరం కదల్లేదు.

"నిన్నంతా రాలినాయన్నా, ఒట్టు" అంది ఉమాదేవి. ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

"నేనొస్తే ఎట్ల రాలవు మరి?" అని కసురుకుని, అంతా తుడిచి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాడు. మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి ఫోను మోగుతోంది. రాలుతున్నాయి.

ఈసారి కాగితాల మీద అనుమానపడ్డాడు. కొత్త కట్ట పట్టుకుపోయాడు. అతను ఉన్నంతసేపూ ప్రింటరు బుద్ధిగా కొట్టింది. వచ్చేశాడు. మళ్ళీ ఫోను. టోనరు మార్చాడు. ఫోను. వేడి రోలరు మొత్తం విప్పి కొత్తది బిగించాడు, దానికి వేడెంతుందో చూసే సెన్సరు కూడా మార్చాడు. మళ్ళీ ఫోనే. ఫోన్లో "వోల్టేజి ఎట్లుండాది చూడమ్మా" అంటే "ఎప్పుడూ ఉన్నట్లే ఉండాదన్నా" అనేది ఉమాదేవి. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆ ఊళ్ళో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరగడం, ట్యూబులైటు కొట్టుకోవడం ఎవరూ జబ్బుగా చూడరు. కంప్యూటరు బ్యాటరీ మీద నడిచేది కాబట్టి దానికేం తెలియదు. రోలరు వేడికి ఆ బ్యాటరీ చాలదు గనక ప్రింటరుకు గోడ కరెంటే గతి.

చివరికి ప్రింటరునే బస్సు టాపు మీద కట్టించుకుని అనంతపురం తెచ్చి, షాపులో పెట్టి పొద్దంతా ఆడించాడు. ఒక్క అక్షరం రాలలేదు. దాన్ని మధ్యలో పెట్టుకుని అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మా షాపు దాకా వినిపించాయి. మెకానిక్కుకు రోగం దొరక్కపోవడం ఒక బాధ. తన ముందర రోగం లేనట్టు నటించే మెషిన్‌తో పడడం ఇంకో బాధ, అది మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుంది. రాత్రుళ్ళు నిద్రలేదని చెప్పేవాడు. అన్నం ముందు కూర్చుని వేలితో కంచం అంచు రుద్దేవాడట. అతని భార్య నాతో చెప్పి నవ్వింది గానీ ఆ నవ్వులో భయం ఉంది.

ఇంకోపక్క జయరాం బదరన్నకు ఫోను చేసి, "మీ మెకానిక్కు వచ్చేది టీ తాగిపోయేందుకా? పదును ఆరిపోతే రైతులు నా ఆఫీసు తలుపులు పీకుతారు. ఇంక మీ కాంట్రాక్టు నాకొద్దని జిల్లాకు రాస్తా" అన్నాడు. బదరన్న కుళ్లాయప్పను పిలిచి ఒకే మాట చెప్పాడు.

"ఇంగొక్కసారి ఆ ఊరినుంచి ఫోనొస్తే, నిన్ను పెట్టుకోని నేను వ్యాపారం చేయలేను."

ఆ మర్నాడు పొద్దున బస్సు తప్పిపోయింది. బండలు వేసుకుని పోతున్న లారీ ఆపి ఎక్కాడు. లారీవాడు క్రాసుకు రాకుండా, ఆఫీసు వెనకవైపు దారిలో దించిపోయాడు. కుళ్లాయప్ప వెనక గుమ్మంలోంచి లోపలికి పోయేసరికి ఉమాదేవి చీటీలు కొడుతోంది. ఒకటి తీసి వేలితో రుద్దాడు. పేరు పోయింది. వేలికి నల్లగా అంటుకుంది.

అతనికి పట్టిన సంతోషం అంతా ఇంతా కాదట. "రాలింది! రాలిందమ్మా! నువ్వు నిజమే చెప్పినావు" అని ఉమాదేవికి దండం పెట్టినంత పని చేశాడు. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. ప్లగ్గులో మీటరు పెట్టాడు. ముల్లు సగం దూరం పోయి నిలబడిపోయింది. రెండొందల ఇరవై ఉండాల్సిన చోట నూటయాభై కూడా లేదు. స్టెబిలైజరు టకటకా కొట్టుకుంటోంది, దాని శక్తి చాలడం లేదు. లోపలి వైరింగేమోనని, బయట గోడకున్న మీటరు పెట్టె దగ్గరికి పోయి, మూత తీసి, అక్కడా ముల్లు పెట్టి చూశాడు. అక్కడా అంతే.

ఆఫీసుకు ఎదురుగా, క్రాసులో బయమ్మ టీ హోటలు. గోడ దగ్గర మీటరు పట్టుకుని నిలబడ్డ ఇతన్ని ఆమె అప్పుడు చూసింది. చేతిలో గ్లాసు కింద పెట్టి బయటికొచ్చి, గొర్రెలు తోలుకుపోతున్న తిప్పన్నకు ఏదో చెప్పింది. తిప్పన్న నోటి దగ్గర చేతులు పెట్టుకుని పొలాల వైపు కేక వేశాడు. ఆ కేకను అవతల పొలంలో ఇంకెవరో అందుకున్నారు. కుళ్లాయప్ప చూస్తుండగానే ముల్లు లేవడం మొదలైంది. కొంచెం ఎక్కింది, ఆగింది. ఇంకొంచెం ఎక్కింది. గుట్ట పక్కనుంచి ఇంకో కేక వినిపించింది, ముల్లు ఇంకాస్త జరిగింది. కాసేపటికి రెండొందల ఇరవై దగ్గరికి వచ్చి కదలకుండా కూర్చుంది. లోపలినుంచి ఉమాదేవి అరిచింది, "అన్నా, ఇప్పుడు రాలడంలేదు!"

కుళ్లాయప్ప మీటరు మెడలో వేసుకుని తిన్నగా బయమ్మ దగ్గరికి పోయాడు.

"ఏమప్పా, ఈరోజు బస్సుకు రాకుండా దొంగదావన వచ్చినావే?" అంది బయమ్మ.

"నేనేమన్నా దొంగనా, యాదావన వస్తే ఏమి?"

"కరెంటోళ్ళు చెప్పొస్తారా ఏమన్నా! బస్సు దిగేది చూసి మేమెప్పుడూ చెప్పేస్తాం గదా, అందుకని దావ మార్చినావు. తెలివైనోడివేలే."

అప్పుడు అర్థమైంది మావాడికి. పొలం మోటర్లకు కావాల్సిన త్రీఫేజు కరెంటు పగలు ఇవ్వరు. రైతులు కండెన్సర్లు తగిలించి ఉన్న ఫేజులతోనే మోటర్లు ఆడించి చీనీ చెట్లకు నీళ్ళు కట్టుకుంటున్నారు. దొరికితే స్టార్టరు పోతుంది, కేసు పడుతుంది. ఆ మోటర్లన్నీ ఒక్కసారి ఆడితే ఊరి కరెంటు నీరసపడిపోతుంది, ప్రింటరు రోలరు వేడెక్కదు. ఖాకీ బ్యాగు, మెడలో మీటరు వేసుకుని బస్సు దిగే కుళ్లాయప్ప వాళ్ళ కళ్ళకు కరెంటు డిపార్టుమెంటు మనిషి. అతను దిగగానే మోటర్లు ఆగుతాయి. బస్సెక్కగానే ఆడతాయి. ఎవరి చీటీల్లో అక్షరాలు రాలిపోతున్నాయో, ఆ రాల్చేది కూడా వాళ్ళే.

రోగం దొరికింది కదా, తిట్లు ఆగాలి. ఆగలేదు. అసలు అప్పుడే మొదలయ్యాయి.

ముందు జయరాం దగ్గరికి పోయాడు. "సార్, ప్రింటరులో ఏమీ లేదు. ఊళ్ళో వోల్టేజి పడిపోతాండాది."

జయరాం తల ఎత్తాడు. "వోల్టేజి ఏంటికి పడతాండాది? మోటర్లా? ఎవురు ఆడిస్తాండారో పేర్లు చెప్పు. ఇప్పుడే కరెంటు ఏఈకి ఫోన్ కొడతా. సాయంత్రానికి స్టార్టర్లన్నీ జీపులో ఉంటాయి." అని ఫోను మీద చెయ్యి కూడా వేశాడు.

ఒక్క మాట చాలు. మెషిన్ మంచిదని తేలేది, మెకానిక్కు మంచివాడని తేలేది, బదరన్న కాంట్రాక్టు నిలిచేది. కుళ్లాయప్ప ఆ ఫోను వైపు చూసి, "ఊరికే అనుమానంతో అన్నా సార్, నాకేం తెల్దు. రోలరే ఇంగోసారి చూస్తా" అన్నాడట. వాళ్ళ నాయన స్టార్టరు కూడా అట్లాంటి ఫోనుతోనే పోయింది. నాకు ఇది చెప్పినప్పుడు, తన నోరు తనకే శత్రువైనట్టు చెంప మీద కొట్టుకున్నాడు.

పోనీ రైతులకే చెబుదామని గుట్ట పక్క నరసింహప్ప చీనీతోటకు నడిచాడు. అందరికంటే పెద్ద మోటరు అతనిదే. నరసింహప్ప చెట్టు పాదులో, మడమల దాకా బురదలో నిలబడి ఉన్నాడు.

"అన్నా, నేను కరెంటోణ్ణి కాదు. ప్రింటరు మెకానిక్‌ను. మీ విత్తనం చీటీలు కొట్టేంతవరకూ, ఆఫీసు టైములో మోటర్లు ఆపండి. అంతే."

"మోటరా? ఏ మోటరు? నా బోరు ఎండి ఎన్నాళ్ళో అయింది" అన్నాడు నరసింహప్ప, బురదలోంచి కాలు కూడా తీయకుండా.

"మరి ఈ నీళ్ళు యాడివి?"

"వాననీళ్ళు."

"వాననీళ్ళు చెట్ల పాదుల్లోనే పడినాయా అన్నా?"

"దేవుడు యాడ పోస్తే ఆడ. చూడప్పా, మాకు తెల్దా మీ సంగతి? ముందు మెత్తగా మాట్లాడి మోటరుండాదని నోటితో చెప్పించుకుంటారు, తర్వాత దాండ్లోనే ఇరికిస్తారు. ప్రింటరంట ప్రింటరు. మెడలో అదేంది మరి?"

మెడలో మీటరు. కుళ్లాయప్ప దాన్ని తీసి బ్యాగులో కుక్కాడు. వెనక్కి వస్తూ దారి పొడుగునా నరసింహప్పను, అతని బోరును, ఆ బోరు వేసిన బండినీ తిట్టాడు. చీటీలు రాత్రికి కొట్టుకుందామంటే రాత్రి త్రీఫేజు వచ్చి ఇంకా ఎక్కువ మోటర్లు ఆడతాయి. కొత్త స్టెబిలైజరుకు పైనుంచి మంజూరు రావాలి, అది వచ్చేసరికి పంట కాలం దాటుతుంది. ఇక ఉన్న మందు ఒక్కటే, అది తనే. తను కనిపిస్తే మోటర్లు ఆగుతాయి.

మర్నాటినుంచి అతను రోజూ బస్సుకు వచ్చి, ఆఫీసులోకి పోకుండా, బయమ్మ హోటలు ముందు బెంచీ మీద అందరికీ కనపడేలా కూర్చున్నాడు. ఖాకీ బ్యాగు పక్కన పెట్టుకుని, మీటరు పొట్ట మీద వేలాడేసుకుని. అప్పుడప్పుడూ లేచి స్తంభాల వైపు చూసి, ఏదో రాసుకుంటున్నట్టు అరచేతిలో వేలు తిప్పేవాడు. ఆపాటి చాలు, గుట్ట దాకా మోటర్లన్నీ మూగబోయేవి. ఎదురుగా ఆఫీసులో ఉమాదేవి చీటీల మీద చీటీలు కొట్టేది. గట్టిగా రుద్దినా ఒక్క అక్షరం పోలేదు. మంచి పనివాడు, చేతిలో పని ఉన్నవాడు, పొలంలో పిట్టల్ని బెదిరించే బొమ్మలా ఎండలో కూర్చున్నాడు.

చీటీ చేతిలో పట్టుకుని విత్తనానికి పోయే రైతులు హోటలు ముందర ఆగి మరీ తిట్టేవారట. "పగలంతా ఈడే కాపు కాస్తాండాడు. మా చెట్లు ఎండితే వీనికేం ఒరుగుతాదో" అని ఒకడు. "వీని ఇంట్లో ఎప్పుడూ నీళ్ళు దొరక్కూడదు" అని ఇంకొకడు. బయమ్మ డబ్బులు తీసుకుని, అడుగున మిగిలిన చేదు టీ పోసేది. కుళ్లాయప్ప ఆ టీ తాగి వాళ్ళ చేతుల్లో చీటీల వైపు చూసేవాడు. అక్షరాలు ఉన్నాయా లేదా అని.

ఉమాదేవి ఒక్కతే, భోజనం బెల్లప్పుడు ఇవతలికొచ్చి, "అన్నా, నువ్వు లోపలికి రాకపోయినా ఊళ్ళో ఉంటే చాలు, అది బాగా పన్జేస్తాది. నీకు మంత్రమేమన్నా తెలుసా?" అని నవ్వింది. అతను నవ్వలేదు.

జయరాం మాత్రం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. బాగుచేయమని పిలిస్తే రోజంతా టీకొట్టు ముందు కూర్చునే మెకానిక్కును ఏ ఆఫీసరు మెచ్చుకుంటాడు? పైగా అటెండరు హనుమంతప్ప ఊళ్ళో అనుకుంటున్న మాటొకటి చెవిలో వేశాడు. వీడు కరెంటు మనిషినని చెప్పుకుని రైతుల దగ్గర వసూళ్ళు చేస్తున్నాడట. జయరాం ఆ మాటను అట్లాగే తీసుకుపోయి ఫోనులో బదరన్న చెవిన పడేశాడు.

చీటీలన్నీ అయిపోయిన రోజు సాయంత్రం కుళ్లాయప్ప బస్సు కోసం నిలబడి ఉంటే నరసింహప్ప వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు ఒక గోనెసంచి మోసుకొచ్చారు. నిండా చీనీకాయలు.

"ఏమప్పా, నీకూ పెండ్లాం పిల్లోళ్ళు ఉంటారు, కాదనను. మాకాడ దుడ్లు లేవు. ఈ కాయలు తీస్కోనిపో. రేపట్నుంచి ఈ పక్కకు రావద్దు."

"నాకేం వద్దు. రేపట్నుంచి నేనెట్లాగూ రాను. ఈడ నా పని అయిపోయింది."

"అట్లయితే తీస్కోనేదానికి ఏంటికి అడ్డం?" అన్నాడు నరసింహప్ప. అతను వద్దు వద్దంటుండగానే సంచిని బస్సు టాపు మీదికి ఎక్కించేశారు. బస్సు కదిలింది. వెనకనుంచి మోటర్ల చప్పుడు మొదలైంది.

ఆ సాయంత్రం టోనరు డబ్బా కోసం నేను బదరన్న షాపులో ఉన్నాను. కుళ్లాయప్ప ఆ సంచి వీపున వేసుకుని ఒంగిపోయి లోపలికొచ్చాడు. బస్టాండులో పారేసి రాకూడదూ అని ఇప్పటికీ తిడతాను. కష్టపడి పండించిన కాయను రోడ్డు మీద పారేసే మనిషి కాదు, ఏం చేస్తాం.

బదరన్న ఆ సంచి వైపు చూశాడు. "నువ్వు కరెంటోళ్ళ మనిషినని చెప్పుకోని వసూలు చేస్తాండావని ఆ ఆఫీసరు చెప్పినాడు. నోర్ముయ్యి, మావాడు అట్లాంటోడు కాదని పెట్టేసినా ఫోను. ఇదేంది ఇప్పుడు?"

"కాయలు."

"అది కనపడతాండాది. ఎవురిచ్చినారు? ఏంటికిచ్చినారు?"

కుళ్లాయప్ప సంచి దించి గోడకు ఆనించాడు.

"సరే, అది ఇడిసిపెట్టు. పేపరు మారిస్తివి, టోనరు మారిస్తివి, రోలరు మారిస్తివి, బాగు కాలేదు. ఏమీ మార్చకుండా టీకొట్టు కాడ కూచుంటే బాగైంది. ఎట్ల బాగైంది? తప్పు యాడుండాది? అది చెప్పు చాలు. ఆ ఆఫీసరుకు నేను చెప్పుకుంటా, నీమీద మాట పడనియ్యను."

బదరన్న మంచి మనసుతోనే అన్నాడు. ఆ చెప్పుకునేదే వద్దని కుళ్లాయప్ప బాధ. నాకప్పటికి సంగతేమీ తెలియదు. తెలిసి ఉంటే నేనే అరిచి చెప్పేసేదాన్ని, చీనీ చెట్లు ఎట్లా పోతే అట్లా పోనీ అని.

"రోలరు నేనే తప్పు బిగించినా అన్నా. కడాకు సరిచేసినా" అన్నాడు కుళ్లాయప్ప, నేలవైపు చూస్తూ.

బదరన్న ముఖం వాడిపోయింది. "తప్పు చేసినావంటే ఉంచుకుంటా కుళ్లాయప్పా, తప్పు చేయనోడు ఎవుడు? నాకాడ అబద్ధమాడేటోణ్ణి మాత్రం ఉంచుకోలేను. నువ్వు కండ్లు మూసుకోని బిగించినా రోలరు తప్పు బిగించవు. నాకు తెల్దా? నేర్పింది నేనే గదా."

కుళ్లాయప్ప బ్యాగు, మీటరు గల్లా బల్ల మీద పెట్టాడు. సంచి మళ్ళీ వీపున వేసుకుని బయటికి నడిచాడు. ఎక్కడికి పోవాలో తెలియక నా వెనకే వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు నాకంతా, మధ్యమధ్య తిట్లతో. విన్నకొద్దీ నాకు పిచ్చి కోపం వచ్చింది.

"లెయ్ ముందు. ఇప్పుడే పోయి బదరన్నకు నిజం చెప్పు. నేనొస్తా పద."

"చెప్తే ఆయన ఊరుకుంటాడా అక్కా? నా పేరు నిలబెట్టాలని పొద్దున్నే ఆఫీసరుకు చెప్తాడు. ఆఫీసరు ఏఈకి చెప్తాడు. సాయంత్రానికి జీపు వస్తాది."

"వస్తే రానీ! నిన్ను అంతలేసి మాటలన్నోళ్ళు. ఆ బయమ్మ అడుగు టీ పోసింది. దొంగసొమ్ములా ఈ సంచి నీ మొహాన కొట్టినారు. వాళ్ళ కోసమా నువ్వు ఉద్యోగం పోగొట్టుకునేది? ఇంట్లో ఏం చెప్తావు?"

"అది నాకూ తెల్దు" అన్నాడు. "తిడితే తిట్టినారులే. నేను మాత్రం ఊరుకున్నానా, ఆడ కూచున్నంతసేపూ లోపల్లోపల వాళ్ళను తిడతానే ఉన్నా గదా."

నేను లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చేసరికి అతను సంచి మూతి విప్పి, ఒక కాయ తీసి గోళ్ళతో ఒలుస్తున్నాడు. వేళ్ళకింకా టోనరు నలుపు ఉంది. సగం విప్పి తొనలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కోపంగా నోట్లో వేసుకున్నాడు. రసం మణికట్టు దాకా కారింది. రెండో సగం నా చేతిలో పెట్టాడు. తిన్నాను. తియ్యగా ఉంది, పిప్పి లేదు. అతను మోచేత్తో మూతి తుడుచుకుని, ఎదురుగా ఆ నరసింహప్పే ఉన్నట్టు కళ్ళెర్రజేసి అన్నాడు:

"నీళ్ళు బాగా కట్టినారక్కా, నా కొడుకులు."